పాస్టర్‌గారి నాలుక మీద గడ్డ

ఆ ఆదివారం పొద్దున పాస్టర్ ఆరోగ్యం నోవహు ఓడ కథను మొదటి చెక్క కొట్టడం దగ్గర్నుంచి చెప్పాలని నిశ్చయించుకున్నాడు. చర్ల దగ్గరి ఆ ఊళ్లో ఆయన ప్రసంగం మొదలైతే ఆదివారం సంత ముగిసేదాకా సాగేది. ఆయన పేరే ఆరోగ్యం, వినేవాళ్లకు నడుంనొప్పి. ఇప్పపువ్వు గంపతో వచ్చే చిన్నక్క అమ్మకం లేకుండానే ఇంటికి పోయేది. కానీ ఆ పొద్దున "నోవహు" అనబోతే నోరు తిరగలేదు. కొన్నాళ్లుగా నాలుక మీద పెరుగుతున్న గడ్డ రేగుపండంత అయింది.

మర్నాడు భార్య రిబ్కా ఆయన్ను భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయింది.

"భయం లేదమ్మా. క్యాన్సర్ కాదు, వట్టి కొవ్వుగడ్డ. నాలుక మీద రావడం మాత్రం చాలా అరుదు," అన్నాడు డాక్టరు.

"అరుదేంది సార్? ఈయన నాలుకకు కొవ్వున్న సంగతి పెళ్లయినప్పటి సంది నాకెరుకే."

ఆపరేషన్ దాకా మాటలు తగ్గించాలన్నాడు డాక్టరు. తను మాట్లాడకపోతే సంఘం పక్కూరి పాస్టర్ దగ్గరికి పోతుందని ఆరోగ్యానికి బెంగ పట్టుకుంది. అందుకే గడ్డ సంగతి దాచి, మాటల ఉపవాసం పట్టానని రిబ్కాతో సంఘానికి చెప్పించాడు.

తర్వాతి ఆదివారం వాక్యం అయిదు నిమిషాల్లో అయిపోయింది. "గీ వాక్యం కడుపుల పడ్డది అయ్యగారూ. ఇంటికి పోయినా యాదికుంటది," అని మెచ్చుకుని చిన్నక్క జల్దీగా సంతకు నడిచింది. ఆ కబురు ఊరూరా పాకింది. ఆపై వారం చెప్పులు విడిచే జాగా లేదు. పక్కూరి సంఘం కూడా ఇటే వచ్చింది.

"చూసినవా రిబ్కా, మాట్లాడకుంటేనే గింతమంది. నోరు తెరిస్తే ఎంతమందొస్తరో," అని గొణిగాడు ఆరోగ్యం.

"తెరవకయ్యా. గిట్లనే మంచిగున్నది."

వినలేదు. ఆపరేషన్ కాగానే గడ్డ సంగతి సాక్ష్యంగా ఊరంతా చాటి, షామియానా వేయించి, సంత దాకా లౌడ్‌స్పీకర్లు కట్టించాడు. మైకు కిరాయిది, మైకం సొంతం. ఆయనకు గడ్డ పోయింది, సంఘానికి గడ్డుకాలం వచ్చింది.

నోవహు మొదలైంది. ఓడలోకి జంతువులు జంటలుగా ఎక్కుతుంటే షామియానాలోంచి జనం జంటలుగా జారుకున్నారు. జలప్రళయం వచ్చేసరికి ముందు వరుసలో రిబ్కా, లేవడానికి మొహమాటపడ్డ చిన్నక్క మిగిలారు.

"ప్రార్థన మనవులేమన్న ఉన్నయా?" అని నీరసంగా అడిగాడు ఆరోగ్యం.

చిన్నక్క లేచి మైకందుకుంది. "ఒక్కటే అయ్యగారూ. మీ గడ్డ మళ్ల రావాలె. నొప్పి లేకుండ రావాలె."

సంతలోంచి "ఆమెన్" అని ఒక్క గొంతులా వినబడింది.

ఆ గడ్డ తిరిగి వచ్చే అవకాశం చాలా తక్కువని డాక్టరు చెప్పాడు. సంఘం మాత్రం విశ్వాసం కోల్పోలేదు.