నలభై ఎనిమిది ముఖాల రాయి

ఆ సోమవారం పొద్దున భీమేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగు నెలలు సానబట్టిన ఊదారంగు పలుగురాయిని జేబులో వేసుకుని వెళ్లి ఆఫీసులో చూపించాలి. ఒక్కరైనా "ఎంత బాగా కోశారండీ!" అనాలి. అంతే.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. హైటెక్ సిటీ రోడ్ల కోసం బండలు పేలుస్తుంటే రాయదుర్గం రాళ్లకుప్పలో దొరికిందా రాయి. దాన్ని కర్ర కొసకు లక్కతో అంటించి, తిరిగే చక్రం మీద నలభై ఎనిమిది ముఖాలు తీర్చాడు. ఆ చక్రాన్ని తిప్పేది ఇంట్లోని పిండి గ్రైండర్ మోటారు. అందుకే ఆయన భార్య పుణ్యవతి నాలుగు నెలలుగా ఇడ్లీ పిండి రోట్లో రుబ్బుతూ, రాయినీ మొగుణ్నీ కలిపి తిడుతోంది.

హఫీజ్‌పేట్‌లోని తమ కాలనీ గేటు దాటకముందే పక్కింటి లింగమూర్తి ఎదురయ్యాడు. ఆఫీసు దాకా ఆగలేక రావు రాయి తీసి చూపించాడు.

"గిది నీలమే గదా, రావు సాబ్?"

"కాదండీ, మామూలు పలుగురాయి. ఆ కోత చూడండి, అంచులు..."

"నీలం ఉన్నోళ్లు గట్లనే దాస్తరు. జర ఒక్క రాత్రి తలగడ కింద పెట్టుకుని చూస్త. నాకు పడ్తదో లేదో తెలుస్తది."

నీలం శనిది కాబట్టి పెట్టుకునే ముందు అలా పరీక్షిస్తారు. మొహమాటం కొద్దీ రావు ఇచ్చేశాడు. మర్నాడే లింగమూర్తి ఇంటికి, ఏడేళ్లుగా రాని టెలిఫోన్ కనెక్షన్ వచ్చింది! ఇక రాయి తలగడ తర్వాత తలగడ మారింది. రావు అడగడానికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అది నిన్ననే పక్కింటికి వెళ్లి ఉండేది. కోత సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

శనివారం అదే కాలనీలోని రాజయ్య వంతు. ఆదివారం పొద్దున్నే ఆయన స్కూటరు కేబుల్ కోసం తవ్విన గోతిలో పడింది. పడని శని రాయిని నీళ్లలో వదిలెయ్యాలంటారు. మోకాలు వాచి చెరువు దాకా నడవలేక కాలనీ సంపులో వదిలేశాడు.

"మేం తాగే నీళ్లల్ల శనిని కలుపుతవా?" అని కాలనీ అంతా బకెట్లతో దిగింది. రావుకు మాత్రం దిగులు రాయి గురించే. అంత మంచి పని మళ్లీ తన చేతికి వస్తుందో రాదో.

సంపు అడుగున బురదలో రాయి దొరికింది. లింగమూర్తి ఎండలో తిప్పి చూశాడు. "నీలం గాదు, ఏం గాదు. ఉత్త గాజు ముక్క!" అంటూ విసరబోయాడు.

"ఆగండి!" పుణ్యవతి బకెట్ వదిలేసి వచ్చి లాక్కుంది. "గాజేంటండీ, గాజు! నలభై ఎనిమిది ముఖాలు. పోయిన వారం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు లెక్కపెట్టాను. ఒక్కదాని అంచయినా పక్కదాని మీదికి పోలేదు. మా ఆయన చేత్తో కోశారు. మీలో ఎవరైనా కోయగలరా?"

రాయిని చెంగుతో తుడిచి భర్త చేతిలో పెట్టింది. రావుకు కళ్లు చెమర్చాయి. ఇక ఆఫీసులో చూపించాల్సిన అవసరం లేదనిపించింది.

"రెండోది మొదలుపెట్టండి. మోటారు మీ దగ్గరే ఉంచుకోండి," అంది పుణ్యవతి.

ఆ సాయంత్రం కూడా ఆ ఇంట్లో ఇడ్లీ పిండి రోట్లోనే రుబ్బారు. రుబ్బింది మాత్రం భీమేశ్వరరావు.