తొక్కతో సహా

ఆ ఉదయం మీటర్ల గుమస్తా వేసుకున్న ప్రణాళికలో కష్టమైనదేమీ లేదు. తొందరగా ఇల్లు వదలాలి. ఆఫీసు వెనక ఎరువుగుంటలో కూరగాయల తొక్కలు పారబోయాలి. చేతులు కడుక్కుని, తనిఖీకి వస్తున్న పెద్దమేడమ్ ముందు వినయంగా నిలబడాలి. ఏళ్ల తరబడి ఊరిస్తున్న ఉద్యోగాన్ని ఖాయం చేసే కాగితం మీద ఆవిడ చేత సంతకం పెట్టించుకోవాలి.

"ఏవండీ, రెండు డబ్బాలూ ఒక్కలాగే ఉన్నాయి. మూతకి దారం ముక్క కట్టనా?" అంది భార్య.

"కుడిచేతిలో తిండి, ఎడంచేతిలో చెత్త. ఇంతమాత్రం గుర్తుండకపోతే నన్ను పర్మనెంటు చేయడం ఆఫీసుకే నష్టం."

"ఆ మాట అక్కడ అనకండి, నమ్మేస్తారు."

డబ్బాలు ఒకేలా ఉండటానికి కారణం ఒక సర్క్యులరు. దాన్ని ప్రధాన కార్యాలయం నుంచి పెద్దమేడమ్ స్వయంగా రాసి పంపారు. మంచినీటి సరఫరా కార్యాలయంలో ఇకపై ప్లాస్టిక్కు కనబడకూడదు, చిరుతిండి పొట్లం చప్పుడు వినబడకూడదు, వేపుడు వాసన సోకకూడదు. ప్రతి ఉద్యోగికీ రెండు స్టీలు డబ్బాలు: ఒకటి భోజనానికి, రెండోది ఇంటి వంటచెత్తను ఎరువుగుంటకు మోసుకురావడానికి. చివరి వాక్యం కింద ఆవిడ గీత కూడా గీశారు: పోషకమంతా తొక్కలోనే ఉంది. 'అంతా' అనడానికి రుజువేమిటని ఎవరూ అడగలేదు. సర్క్యులర్లకు రుజువులు జతచేసే అలవాటు లోకంలో ఎక్కడా లేదు. మేనేజరుగారైతే ఆ వాక్యానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. రోజూ గది తలుపు వేసుకుని భోంచేసి, పొట్ట నిమురుకుంటూ బయటికి వచ్చి, "పచ్చి కూరలు, ముడి గింజలు. ఒళ్లు దూదిపింజలా ఉందయ్యా!" అనేవారు.

గుమస్తా గేటు దాటేసరికి స్టోరుకీపరు ఎదురు పరుగెత్తుకొచ్చాడు. "తమ్ముడూ, మేడమ్ అప్పుడే దిగిపోయింది. మేనేజరు గదిలోనే కూచుంది. ఫైళ్లట, పద పద!"

గుమస్తా రెండు డబ్బాలనూ భోజనాల గది అలమారులో పెట్టి పరుగెత్తాడు. తన గది చేజారిన మేనేజరుగారు కూడా ఆ తరువాత తన డబ్బాను అదే అలమారులో, ఎడమ చివర పెట్టుకున్నారన్న సంగతి అతనికి తెలియదు.

మధ్యాహ్నం భోజనానికి లేస్తూ, మేడమ్ గుంటను తనిఖీ చేస్తారన్న భయంతో అతను అలమారులోంచి ఎడమవైపు డబ్బా తీసుకుని వెనక్కి పరుగెత్తాడు. గుంట అంచున వంగి మూత తీశాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

లోపల దోరగా వేగిన కోడిముక్కలు, వాటి చుట్టూ నూనెలో మెరుస్తున్న బంగాళాదుంపలు, ఒక పక్కన ప్లాస్టిక్కు కాగితంలో చుట్టిన చాక్లెట్ కేకు ఉన్నాయి. ఇది తమ ఇంటి చెత్త కాదు. తమ ఇంటి వంటకే ఇంత ఘుమఘుమ లేదు. ఆ అలమారులో తనవి కాక మరొక డబ్బా ఉండి ఉండాలి. అందరూ తమ డబ్బాలను తమ బల్లల దగ్గరే పెట్టుకుంటారు, గది పోగొట్టుకున్న ఒక్కరు తప్ప. అంటే ఇప్పుడు మేనేజరుగారి చేతిలో ఉన్నది...

అతను గబుక్కున మూత పెట్టేసి వెనక్కి తిరిగాడు.

భోజనాల గదిలోకి అతను దూసుకొచ్చేసరికి ఆఫీసంతా బల్ల చుట్టూ మూగి ఉంది. "విప్పండి మేనేజరుగారూ, ఆదర్శ భోజనం ఎలా ఉంటుందో అందరూ చూడాలి," అంటున్నారు మేడమ్.

ఆ డబ్బాలో కోడిముక్కలున్నాయని నమ్ముతున్న మేనేజరుగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. కళ్లు గట్టిగా మూసుకుని మూత తీశారు. క్యారెట్ తొక్కలు, దోసకాయ తొడిమలు, నల్లగా ముద్దకట్టిన టీపొడి, వాటిపైన రెండు గుడ్డుపెంకులు. ఆయన ఒక కన్ను తెరిచారు. ముఖం మీద ముందు దిగ్భ్రాంతి, తరువాత ఉరికంబం దిగినవాడి ఆనందం, వెంటనే అంతకుమించిన దిగ్భ్రాంతి కనిపించాయి.

"ఇదేమిటి?" అన్నారు మేడమ్.

"మీ సర్క్యులరే మేడమ్! పోషకమంతా తొక్కలోనే ఉంది కదా. అందుకని తొక్కే తింటున్నా."

"మరి లోపలి గుజ్జు?" అన్నాడు స్టోరుకీపరు, ఆసక్తి పట్టలేక.

"ఎరువుగుంటకి."

ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావారు వెనకబడదలచుకోలేదు.

"ఈ నల్లపొడి?"

"ఆకుల సారం మేడమ్."

"ఈ పెంకులు?"

"కాల్షియం." రసాయనశాస్త్రం ప్రకారం అందులో అబద్ధమేమీ లేదు.

"ఏదీ, నాకూ కొంచెం పెట్టండి."

"మేడమ్, వద్దు!" గుమస్తా గొంతు అతనికే కొత్తగా వినిపించింది. అందరూ తిరిగి చూశారు. నిజం చెబితే పై అధికారి ముందు చెత్త పెట్టినవాడవుతాడు. మేనేజరుగారిని అబద్ధాలకోరును చేసినవాడవుతాడు. ఆ తరువాత సంతకం పెట్టేదెవరు? "అది... మేనేజరుగారికే చాలదు మేడమ్," అని నసిగాడు.

మేడమ్ గుప్పెడు తీసుకుని నమిలారు. చాలాసేపు నమిలారు. "బాగుంది," అన్నారు, గొంతులో ఏదో అడ్డుపడినట్టు. ఇక మేనేజరుగారికి తప్పలేదు. పెంకు కరకరలాడిన చప్పుడు గది చివరిదాకా వినిపించింది.

"తమ్ముడూ, మరి నీ చేతిలో డబ్బా?" అంటూ స్టోరుకీపరు సరదాగా దాని మూత లాగేశాడు.

వాసన గుప్పుమంది. అంతవరకు తొక్కలకు చప్పట్లు కొట్టినవారంతా ఒక్కసారిగా గుటక వేశారు.

"వేపుళ్లు! ప్లాస్టిక్కు! పర్మనెంటు కావాలంటున్నది మీరేనా?" మేడమ్ నిప్పులు కురిపించారు. "మేనేజరుగారూ, మీ దగ్గర పనిచేస్తూ ఇతను ఇలా ఎలా తయారయ్యాడు?"

"నాకూ ఆశ్చర్యంగానే ఉంది మేడమ్," అన్నారాయన, నోట్లో పెంకుతో.

"ఈ డబ్బాని స్వాధీనం చేసుకుంటున్నా. ఇద్దరూ కాసేపాగి నా దగ్గరికి రండి." ఆవిడ వెనకే మేనేజరు గది తలుపు మూసుకుంది.

"సార్, అది మీ డబ్బా," అన్నాడు గుమస్తా వసారాలో.

"తెలుసు."

"చెప్పండి సార్, నా ఉద్యోగం పోతుంది."

"చెబితే నాది పోతుందయ్యా! అది సరే, నేను తిన్నదేమిటి?"

"మా ఇంటి చెత్త సార్."

మేనేజరుగారు గోడ పట్టుకున్నారు. "కడిగిందేనా?"

పోయే ఉద్యోగం ఎలాగూ పోతుంది, అబద్ధంతో పోవడమెందుకని గుమస్తా తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. "మేడమ్, ఆ డబ్బా నాది కాదు. నాది మీరు తిన్నారు. అది ఎరువుకని తెచ్చిన చెత్త."

మేడమ్ చేతిరుమాలుతో మూతి తుడుచుకున్నారు. "తెలుసు. గుడ్డుపెంకు పోల్చుకోలేనంత పెద్ద చదువు నేను చదవలేదు."

"మరి... ఎందుకు తిన్నారు?"

"సర్క్యులరు రాసింది నేను. అంతమంది ముందు తొక్క ఉమ్మేస్తే రేపట్నించి నా సంతకానికి విలువుంటుందా?" ఆవిడ కాగితం ముందుకు లాక్కుని, చివర సంతకం గీసి అతనికి అందించారు. "మీరు పర్మనెంటు. ఈ సంగతి గది దాటకూడదు." తరువాత గుమ్మంలో తల వంచుకు నిలబడ్డ మేనేజరుగారి వైపు తిరిగారు. "కోడిముక్కల్లో మిరియాలు కాస్త తగ్గించమనండి ఇంట్లో."

గుమస్తా బల్లమీది డబ్బా వైపు చూశాడు. ముక్క లేదు, ఎముక లేదు, కేకు చుట్టిన కాగితం జాడ కూడా లేదు; మేడమ్ చేతిసంచి జిప్పు మాత్రం గట్టిగా బిగించి ఉంది.

సర్క్యులరు అమల్లోకి వచ్చాక, ఆ కార్యాలయంలో పిసరంత వ్యర్థమైనా మిగలని మొదటి భోజనం అదే.