దిండ్ల కార్ఖానాలో హుషారు

పెళ్లయ్యాక మొదటిసారి ఇద్దరూ కలిసి సినిమాకి వెళ్లాలి. పని దిగే వేళకి తలుపు దగ్గరుంటానని ఆయన చెప్పాడు. ఇంకేం, దిండ్ల కార్ఖానాకి కొత్తగా వచ్చిన సూపర్‌వైజరమ్మకి ఆ పొద్దున కాళ్లు నేలమీద ఆనలేదు. త్వరగా పని తెమిల్చేస్తే చాలనుకుంటూ కూనిరాగం తీసింది.

ఆ కార్ఖానాలో ఒక అలవాటుంది. పైవాళ్ల మొహం చూసి, దాన్నిబట్టి చెయ్యి ఆడిస్తారు. ఈమె తానే కూర్చుని దూది కూరడం మొదలుపెట్టేసరికి, దూది ఏకే బాబాయి కుట్టుమిషను అక్కని మోచేత్తో పొడిచాడు.

"అమ్మాయి వాలకం చూశావా? ఏదో పెద్ద ఆర్డరే తగిలినట్టుంది."

"మరి బొమ్మలా కూర్చున్నావేం? కానీ."

మధ్యాహ్నానికే రోజు పని అయిపోయింది. ఆమె మురిసిపోతుండగా యజమాని వచ్చి, గుట్టగా పేరిన దిండ్లు చూసి నోరెళ్లబెట్టాడు. తేరుకున్నాక, ఎప్పటినుంచో విసిగిస్తున్న హాస్టలు వాళ్లకి ఫోన్ చేసి, వాళ్ల సరుకూ ఈ సాయంత్రమే పంపుతానని మాటిచ్చేశాడు.

"అంతా నీ చలవేనమ్మా," అన్నాడు.

పైవాళ్ల ఉత్సాహం కిందివాళ్లకి పాకుతుందని ఆమె కాలేజీలో పరీక్ష రాసి మంచి మార్కులతో పాసైంది. పాకాక ఎలా ఆపాలో ఆ పుస్తకంలో లేదు. నీరసమూ పాకకపోతుందా అని మొహం వేలాడేసుకుని కూలబడింది.

"పాపం, మనవల్ల కాదేమోనని దిగులు పడుతోంది," అంది అక్క. "కొత్త పెళ్లికూతురిచేత కన్నీళ్లు పెట్టిస్తామా?"

మిషన్లు రెట్టింపు జోరందుకున్నాయి. అది చూసి యజమాని ఇంకో హాస్టలుకి ఫోన్ చేశాడు.

సాయంత్రం ఆమె మొగుడు వచ్చి తలుపు దగ్గర తచ్చాడుతుంటే బాబాయి కంటబడ్డాడు. "కొత్తగా చేరావా నాయనా? ఇటు రా, ఈ గలీబు పట్టు," అని లోపలికి లాగి కూర్చోబెట్టాడు. ఆమె ఇక ఉండబట్టలేక అసలు సంగతి కక్కేసింది.

మిషన్లన్నీ ఒక్కసారే ఆగాయి.

"సినిమాకా తల్లీ," అన్నాడు బాబాయి. "పొద్దున్నే చెబితే అందరం హాయిగా నీరసపడేవాళ్లం కదా."

యజమాని బుర్ర గోక్కున్నాడు. "మిగిలింది రేపు చూద్దాంలే. వెళ్లిరండి."

ఆమె గబగబా చెప్పులు వేసుకుని మొగుడి చెయ్యి పట్టి లాగింది. మనిషి కదల్లేదు. జుట్టునిండా దూదితో, కళ్లు మెరిపిస్తూ అన్నాడు: "ఉండవోయ్, ఇంకో నాలుగు దిండ్లు. ఇప్పుడిప్పుడే చెయ్యి తిరుగుతోంది."

సినిమా ఎలా ఉందని మర్నాడు అందరూ అడిగితే, చివర్లో పేర్లు చక్కగా పడ్డాయని చెప్పింది.