పరుగు సంఘం మొదటి ఐదు నెలలు

తాండూరు పట్టణానికి ఆరోగ్యం వచ్చినట్టు ఆగస్టు మూడో ఆదివారం నాడు అధికారికంగా ప్రకటించడం జరిగింది. ప్రకటించిన వారు శ్రీ రాజేందర్ గారు. నాపరాళ్ళ పాలిషింగు యూనిట్లు మూడు, నూట నాలుగు కిలోల శరీరం ఒకటి ఆయన స్వార్జితం. ఆ ఉదయం ఆయన రొమ్మునిండా గాలి పీల్చి, "ఇగ నుంచి తాండూరు ఉరుకుతది" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

దీనికి వారం ముందు రాజేందర్ గారు, ఆయన భార్య మనోరమ, వికారాబాద్‌లో ఒక డాక్టరును కలిశారు. ఇద్దరి రక్తపరీక్షల కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసి ఆ డాక్టరు, షుగరు ఇద్దరికీ గడప దాకా వచ్చిందనీ, బరువు తగ్గకపోతే లోపలికి వచ్చి కూర్చుంటుందనీ చెప్పాడు.

"ఒక్క నిమిషం ఉరకండి. రెండు నిమిషాలు నడవండి. గట్ల పదిసార్లు. వారానికి నాలుగు రోజులు. మెల్లగ పెంచుకుంట పోండి."

"ఉరికేది నేనా, ఆమెనా?" అని అడిగారు రాజేందర్ గారు.

"షుగర్ ఎవర్కుంటె వాళ్ళు" అన్నాడు డాక్టరు.

తిరుగు రైలు కోసం ఎదురుచూస్తూ రాజేందర్ గారు ప్లాట్‌ఫారం మీద చివరిసారిగా రెండు ప్లేట్ల మిర్చి బజ్జీలు తిన్నారు. రైలు తాండూరు చేరేలోపు ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. తన హోదా గల మనిషి ఒంటరిగా ఉరికితే జనం అపార్థం చేసుకుంటారు. కాబట్టి ముందు సంఘం, తర్వాత పరుగు.

సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు కందుల వ్యాపారి శంకరప్ప గారు. రెండు మోకాళ్ళూ మార్పించుకున్న వారు కనుక కాళ్ళ విషయంలో ఆయనకున్న అనుభవం ఎవరికీ లేదు. కార్యదర్శి రాజేందర్ గారు. పత్రికకు వార్తలు పంపుతుంటాను కాబట్టి ప్రచార కార్యదర్శి పదవి నాకు దక్కింది. మొదటి కార్యక్రమంగా రైలు గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించాం. అందులో రాజేందర్ గారు రెండు కాళ్ళూ గాలిలో పెట్టి పరుగెత్తుతున్నారు. తల ఆయనదే. మిగతాది ఎవరిదో మాకు ఇప్పటికీ తెలియదు గానీ, మంచి ఆరోగ్యవంతుడు.

ప్రారంభోత్సవంలో శంకరప్ప గారు నలభై నిమిషాలు మాట్లాడారు. "పరుగంటె ఏంది? పరుగంటె మన సంస్కృతి. మన తాతలు ఉరికిన్రు, ముత్తాతలు ఉరికిన్రు. ఎందుకు ఉరికిన్రు, ఎవర్ని జూసి ఉరికిన్రు, గదంత ఇప్పుడు మనకెందుకు? ఉరికిన్రా లేదా? గది ముఖ్యం!" ఆ తర్వాత కార్యవర్గం కాలేజీ మైదానంలో గోల్ పోస్టు నుంచి షామియానా దాకా పరుగెత్తింది. ఫొటో సరిగా రాలేదన్నందుకు మరోసారి పరుగెత్తింది. మూడోసారి అడిగితే రాజేందర్ గారు నడుం పట్టుకుని, ఉన్న ఫొటోతో సర్దుకోమన్నారు. కోల్పోయిన శక్తిని వెంటనే భర్తీ చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించి, పూరీలు, వడలు, ఇడ్లీలతో అదే వరుసలో భర్తీ చేశాం.

ఇక మనోరమ సంగతి. ఆమె ఏ సభలోనూ ఏ ప్రకటనా చేయలేదు. ఆమె పుట్టిల్లు కొడంగల్. అక్కడ ఆమె తల్లికి షుగరు వల్ల ముందు రెండు కాలివేళ్ళు తీశారు, మరుసటి ఏడు మోకాలి కింద దాకా తీశారు. వికారాబాద్ డాక్టరు చెప్పిన మాట భర్త చెవిలో ఒకలా పడింది, ఆమె చెవిలో మరోలా పడింది. హాస్టల్లో చదువుతున్న కూతురు దీక్షిత ఇంట్లో వదిలివెళ్ళిన బూట్లు తొడుక్కుంది. అవి కాస్త బిగుతు. సోమవారం తెల్లవారుజామున ఐదున్నరకు రోడ్డెక్కి, ఎనభై ఆరు కిలోల మనిషి, ఒక్క నిమిషం ఉరికింది.

ఆ ఒక్క నిమిషానికి పట్టణం సిద్ధంగా లేదు.

మొదట ఒక బైకు ఆగింది. "ఏమైందక్కా, ఎవర్కన్న సీరియస్సా? కూసో, దవాఖాన్ల దించుత" అన్నాడు బైకతను. ఆమె అక్కర్లేదంటే, బాధలో ఉందనుకుని ఇంకో ఫర్లాంగు పక్కనే బండి నడిపాడు. పాలవ్యాను డ్రైవరు బండి ఆపి, ఆమె వెనక ఎవరు తరుముతున్నారోనని చాలాసేపు చూశాడు. చాయ్ హోటలు దగ్గరున్న నలుగురు మాత్రం ఆలోచించి సమయం వృథా చేయలేదు. గొలుసు దొంగతనం జరిగిందని తేల్చి, దొంగ పారిపోయి ఉండాల్సిన దిక్కుకు పరుగెత్తి, కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి ఇంటికి నడిచిపోతున్న ఒక కార్మికుణ్ణి పట్టుకుని అరగంట విచారించారు. ఆ వారం తాండూరులో నిజంగా పరుగెత్తిన మగవాళ్ళు ఆ నలుగురే. దురదృష్టవశాత్తు వారు సంఘ సభ్యులు కారు.

ఆడమనిషి రోడ్డు మీద ఉరకడానికి కారణాలు మాకు తెలియనివి కావు. బస్సు వెళ్ళిపోతుంటే ఉరకవచ్చు. స్కూలు వ్యాను వెనక టిఫిను డబ్బాతో ఉరకవచ్చు. నల్లా నీళ్ళొచ్చాయంటే బిందెతో ఉరకవచ్చు. కానీ మనోరమ ముందు బస్సు లేదు, చేతిలో డబ్బా లేదు, బిందె లేదు. ఉత్తచేతులతో ఉరికింది. మూడో రోజుకల్లా ఇంట్లో పెద్ద గొడవ జరిగిందని వార్త పరిగి దాకా చేరింది.

నాలుగో రోజు పరిగి నుంచి రాజేందర్ గారి చిన్నాన్నలిద్దరు పంచాయితీ చేయడానికి బస్సు దిగారు. హాల్లో కూర్చుని, నీళ్ళు తాగి, కోడలిని పిలిచారు.

"ఇంట్ల ఏమన్న లొల్లయిందా బిడ్డా?"

"లొల్లేం లేదు మామా. బరువు తగ్గనీకి ఉరుకుతున్న."

"గది సరే. అసలు సంగతి జెప్పు."

"గదే అసలు సంగతి."

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తీర్చడానికి వచ్చిన గొడవ లేకపోయేసరికి, పదకొండు గంటల ప్రాంతంలో ఒకటి తయారుచేశారు. రాజేందర్ గారు గొంతు పెంచారు. "నేను సంఘం కార్యదర్శిని. నా పెండ్లాం గిట్ల రోడ్ల మీద ఉరుకుతె నా ఇజ్జత్ ఏం గావాలె? మందికి పరుగు గురించి నేనేం జెప్పాలె?"

మనోరమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ బూట్లు మాత్రం విప్పలేదు. అప్పుడు మూలన మంచం మీద కూర్చున్న రాజేందర్ గారి తల్లి నాగమ్మ నోరు విప్పింది. డెబ్బై రెండేళ్ళ మనిషి. అప్పటిదాకా ఆమె కూడా కోడలి పరుగుకు వ్యతిరేకమేనని అందరం అనుకున్నాం.

"నా లగ్గమైన కొత్తల ఎద్దు తప్పిచ్చుకపోతె, పొలం కాడికెల్లి డాంబర్ రోడ్డు దాక ఉరికిన. చీరె మోకాళ్ళ మీదికి జెక్కి ఉరికిన. గప్పుడు ఎవ్వడన్న పరిగి కెల్లి వచ్చి పంచాయితి వెట్టిండా? మంచి కోడలు అన్నరు. ఎద్దు కోసం ఉరికితె మంచిది, దాని పానం కోసం అది ఉరికితె లొల్లా?"

పెద్దలు సుదీర్ఘంగా ఆలోచించి, భోజనం చేసి, తీర్పు చెప్పారు. కోడలు ఉరకవచ్చు. అయితే రోడ్డు మీద కాదు, మైదానంలో. వెంట ఒక బాధ్యతగల తోడు ఉండాలి. ఆ తోడు నాగమ్మే కావాలి. ముసలమ్మ ముసురుకు ఓర్చుకోలేక నాలుగు రోజుల్లో మానేస్తుందని వారి లెక్క. రెండు గంటల బస్సుకు సంతృప్తిగా వెళ్ళిపోయారు.

నాగమ్మ మానలేదు. రోజూ చీకటితోనే శాలువా కప్పుకుని మైదానం మెట్ల మీద కూర్చునేది. కోడలు ఆయాసంతో ఆగితే, "ఏం, గంతేనా? ఇంకొక్క సుట్టు" అనేది. దసరాకు మనోరమ ఆగకుండా మూడు నిమిషాలు ఉరికింది. దీపావళికి మైదానం చుట్టూ రెండు చుట్లు. కార్తీకం ముగిసేసరికి పన్నెండు. మొదటిసారి పన్నెండు పూర్తయిన రోజు ఆమె మెట్ల మీద కూలబడి అత్త ఒడిలో తలపెట్టి ఏడ్చిందట. "ఎందుకేడుస్తున్నవ్?" అంటే, "ఏమో అత్తమ్మా, కాళ్ళు నావే అనిపిస్తున్నయ్" అందట. ఇది అధికారిక సమాచారం కాదు.

అధికారిక సమాచారం ఏమిటంటే, ఈ కాలంలో సంఘం తొమ్మిది సమావేశాలు జరిపింది. రాజేందర్ గారు అడుగులు లెక్కపెట్టే గడియారం కొని కుడిచేతికి కట్టుకున్నారు. చేయి కదిలినప్పుడల్లా అది ఒక అడుగు కలిపేది. పెళ్ళిళ్ళ కాలంలో ఆయన ఒక్క పూట భోజనంలో రెండువేల అడుగులు నడిచారు. నవంబరులో తూకం వేయగా ఆయన నూట ఏడు కిలోలు, మనోరమ డెబ్బై ఏడు కిలోలు ఉన్నారు. పట్టణం ఈ రెండు ఫలితాలనూ నిష్పక్షపాతంగా సమీక్షించింది. ఆయన్ని చూసి, "మస్తు కళ వచ్చిందన్నా, ఉరుకుడు పడ్డది నీకు" అంది. ఆమెను చూసి, "ఏందమ్మా గిట్ల గుంజుకపోయినవ్? పానం మంచిగుందా?" అంది.

డిసెంబరులో సంఘం తన మహత్తర కార్యక్రమాన్ని తలపెట్టింది. వికారాబాద్ నుంచి అనంతగిరి గుట్ట దాకా ఐదు కిలోమీటర్ల ఆరోగ్య పరుగు. ఉదయం ఆరుకు మొదలు కావాలి. వేదిక మీద పదకొండు మంది అతిథులున్నందున తొమ్మిదింబావుకు మొదలైంది. టీషర్టులు పంచేటప్పుడు నూట నలభై మంది ఉన్నారు. టిఫిను తర్వాత అరవై మంది మిగిలారు. జెండా ఊపేటప్పటికి ముప్పై ఎనిమిది మంది. రాజేందర్ గారు అందరికంటే ముందు పరుగెత్తి, మొదటి మలుపు దాటగానే, పర్యవేక్షణ నిమిత్తం జీపెక్కారు. నేనూ ఆ జీపులోనే ఉన్నాను. ముందు సీట్లో నాగమ్మ.

ఎండ ఎక్కుతోంది, దారి పైకి లేస్తోంది. ఒక్కొక్కరే రోడ్డు పక్కన కూర్చుండిపోతున్నారు. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు బయలుదేరారు గానీ వాళ్ళ ఇంటివాళ్ళు కార్లో వెంటవచ్చి బతిమాలి ఎక్కించుకున్నారు. మూడో కిలోమీటరు దాటాక చెట్ల మధ్య మలుపులో మనోరమ కనిపించింది. ముఖం కందగడ్డలా ఉంది. అడుగులు చిన్నవైపోయాయి. కానీ ఆగలేదు. జీపు ఆమె పక్కకు రాగానే రాజేందర్ గారు తల బయటపెట్టారు. నిజం చెప్పాలి, ఆయన గొంతులో ఆ క్షణంలో కార్యదర్శి లేడు, భయపడ్డ మొగుడే ఉన్నాడు.

"మనోరమా, చాలు. ఎక్కు. ఇక్కడ ఎవ్వరు సూస్తలేరు."

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది, "గందుకే మంచిగున్నది. మీరు పోండి."

రాజేందర్ గారు తల లోపలికి తీసుకున్నారు. నాగమ్మ వెనక్కి తిరిగి కొడుకును ఒక్కసారి చూసి, మళ్ళీ ముందుకు తిరిగింది.

పందొమ్మిది మంది పరుగు పూర్తిచేశారు. మనోరమ పదకొండో మనిషి, ఆడవాళ్ళలో మొదటి మనిషి, ఒకే ఒక్క మనిషి. ఇక్కడ చిన్న సాంకేతిక సమస్య ఎదురైంది. ఆడవాళ్ళు చివరిదాకా వస్తారని ఎవరూ ఊహించనందున వాళ్ళకు బహుమతి నిర్ణయించలేదు. కార్యవర్గం వేదిక వెనక అత్యవసరంగా సమావేశమై, ఆమెను ఉరకనిచ్చిన సహృదయానికి గుర్తింపుగా రాజేందర్ గారికి శాలువా కప్పాలని తీర్మానించింది. కప్పింది. శంకరప్ప గారు, "భార్యను గింత దూరం పంపిన భర్త మన తాండూర్లున్నడంటె నాకు కండ్లకు నీళ్ళొస్తున్నయ్" అని తుడుచుకున్నారు.

మనోరమకు మైకు ఇచ్చారు. ఆమె ఇంకా రొప్పుతోంది. "మా అమ్మకు కాలు తీసేసిన్రు. నాకు నా కాళ్ళు గావాలె. గంతే" అని మైకు తిరిగి ఇచ్చేసింది. వ్యాఖ్యాత ఆ మాటలను సభికులకు వివరిస్తూ, ఈ విజయానికి తన భర్త ప్రోత్సాహమే కారణమని ఆమె తెలియజేశారన్నాడు. మరుసటి రోజు పత్రికలోనూ అలాగే వచ్చింది. పంపినవాణ్ణి నేనే. ఆ కత్తిరింపును రాజేందర్ గారు ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టుకున్నారు.

తర్వాతి సోమవారం మైదానానికి మనోరమతో పాటు మరో ఆరుగురు ఆడవాళ్ళు వచ్చారు. ఈ వార్త తెలియగానే మంగళవారం ఉదయం సంఘ సభ్యుల హాజరు మొదటిసారిగా నూరు శాతానికి చేరింది. అందరూ మెట్ల మీద కూర్చున్నారు. నాగమ్మ లేచి నిలబడి, "ఏం రా, మీరు గూడ ఉరుకుతరా, మిమ్ముల నేను ఉరికియ్యాల్నా?" అనడంతో హాజరు మళ్ళీ మామూలు స్థాయికి వచ్చింది.

ఇంతవరకూ ఒక బాధ్యతగల పరిశీలకుడిగా రాశాను. గత శుక్రవారం సాయంత్రం నా భార్య స్నేహలత, కూరగాయలు తరుగుతూ, "రేపటి సంది నేను గూడ మైదానంకు పోత" అంది.

నేను అభ్యుదయవాదిని. "పో. ఎవరొద్దన్నరు? జర చాయ్ వెట్టి, నాకు డబ్బ కట్టి, నల్లా నీళ్ళు వట్టి పో" అన్నాను.

ఆమె నన్ను ఒకసారి చూసి, మళ్ళీ కూరగాయలు తరిగింది. శనివారం ఐదున్నరకు గేటు చప్పుడైంది. లేచి చూస్తే పొయ్యి మీద ఏమీ లేదు. పాలు దొరికాయి. చాయ్ పత్తా దొరికింది. చక్కెర డబ్బా కోసం మాత్రం ఇరవై నిమిషాలు వెతికాను. పదిహేడేళ్ళుగా నేనున్న ఇల్లే అది.

నవ్వుకోండి, ఫరవాలేదు. నవ్వడం అయ్యాక, లేవకుండా, వంటింటి వైపు చూడకుండా, ఎవరినీ పిలవకుండా చెప్పండి: మీ ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడుంటుంది?