అయ్యగారి విశ్రాంతి వారోత్సవాలు

ఒక పెద్ద అడవిలో పట్నం వైపున్న కొస మాత్రం అడవిలా ఉండేది కాదు. చెట్టుకి నాలుగు కాపురాలు, పొదకి రెండు తగాదాలు. పట్నం వాళ్లు పారబోసిన పులిసిన పళ్లు తిని తూలే నక్కలు, బోనుల్లో పడ్డ పిల్లల కోసం ఏడ్చే ఎలుకమ్మలు. అక్కడొక క్రైస్తవ సంఘం ఉంది. దాని కాపరి ఫిలేమోను అయ్యగారు ఒక గాడిద.

ఉడత కొత్త తొర్రలో చేరితే ఆయనే వెళ్లి ప్రార్థన చెయ్యాలి. పిట్ట గుడ్డు పెడితే ప్రార్థన, పిల్ల బయటికొస్తే మళ్లీ ప్రార్థన. మత్తెక్కి పడిపోయిన నక్కని వీపు మీద వేసుకుని ఇంటికి చేర్చేదీ ఆయనే. "మా అయ్యగారికి అసలు నిద్రే ఉండదండీ!" అని సంఘం గొప్పగా చెప్పుకునేది.

కొండమీది సంఘంలో కాపరి మేకయ్య సోమవారాలు ఎవరికీ కనబడడు. ఆ సంగతి తలుచుకుని సంఘపెద్ద అబ్నేరు పడీపడీ నవ్వేవాడు. ఆయన కొండముచ్చు.

"సాతాను సోమవారం సెలవు పెడతాడా?" అనేవాడు.

ఇలా ఉండగా కుందేళ్ల ఇంట పెళ్లయింది. అయ్యగారు కళ్లు మూసుకుని, వధూవరుల్ని దీవించబోయి, నిద్రమత్తులో సమాధి దగ్గర చదివే మాట అందుకుని, "మట్టిని మట్టికి అప్పగిస్తున్నాం" అన్నారు. పెళ్లికూతురు సొమ్మసిల్లింది. పెళ్లికొడుకు అలవాటుగా ఆమెన్ అన్నాడు.

అప్పుడు కొంగ డాక్టరు వచ్చి, అయ్యగారి గొంతులోకి ముక్కు పెట్టి చూశాడు. "లోపలంతా పుండే. నెల్లాళ్లు మాట్లాడకూడదు, తిరగకూడదు. ఇలాగే నడిపిస్తే గొంతు పూర్తిగా పోతుంది, ఇక రాదు," అన్నాడు.

అయ్యగారి భార్య తబితమ్మగారు తిన్నగా పెద్దల మీటింగుకి వెళ్లింది. "ఓండ్ర పెట్టలేని గాడిదని మీరేం చేసుకుంటారు? చాకిరేవు వాళ్లు కూడా తీసుకోరు. ఆయన్ని నెల్లాళ్లు వదిలెయ్యండి," అంది.

"తప్పకుండా విశ్రాంతి ఇద్దామమ్మగారూ," అన్నాడు అబ్నేరు. "కానీ ఘనంగా ఇవ్వాలి. కమిటీ వేద్దాం."

"కమిటీ అంటే ప్రార్థనతో మొదలవ్వాలిగా," అంది స్త్రీల సమాజం అధ్యక్షురాలు, కాకి యూనీకే. "అయ్యగారికి కబురు పంపండి. చిన్న ప్రార్థనే."

అయ్యగారు వచ్చి చిన్న ప్రార్థనే చేశారు. మధ్యలో యూనీకే తన రెక్క నొప్పి కూడా కలపమంది.

కమిటీ ఆలోచించి విశ్రాంతి వారోత్సవాలు ప్రకటించింది. పొద్దున ఉపవాస కూడిక, మధ్యాహ్నం ఇంటింటి దర్శనం, సాయంత్రం సన్మానం. అన్నిట్లోనూ వాక్యం చెప్పేది ఫిలేమోను అయ్యగారు.

"ఆయనే ఎందుకండీ?" అంది తబితమ్మగారు.

"అలసట గురించి అంత అనుభవంతో చెప్పేవాళ్లు మనలో ఇంకెవరున్నారమ్మా?" అన్నాడు అబ్నేరు.

ఇంటికొచ్చాక ఆవిడ మొగుడి ముందు గడ్డి పడేసి, "మీరు వెళ్లట్లేదు," అంది.

"ఎలా కుదురుతుంది తబితా?" అయ్యగారి గొంతు చాపని లాగినట్టు గీరుకుంటూ వచ్చింది. "నేను లేకపోతే వాళ్లేమైపోతారు?"

"మీ బెంగ అది కాదు. మీరు లేకపోయినా వాళ్లు బాగానే ఉంటే మీరేమైపోతారని."

అయ్యగారు చెవులు వాల్చి గడ్డి నమిలారు. మర్నాడు పొద్దున్నే వెళ్లారు.

వారోత్సవాల చివరి సాయంత్రం ఆయన మెడలో దండ వేశారు. అయ్యగారు ముందుకొచ్చి నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ తెరిచారు. జనంలో ముందు వరసలో ఉన్నవాళ్లకి పళ్లు కనిపించాయంతే.

"భావావేశం," అన్నాడు అబ్నేరు, కన్నీళ్లు తుడుచుకుంటూ.

"పుండు," అంది తబితమ్మగారు. మొగుడి దండ తీసి, ఆయన్ని ఇంటికి తోలుకెళ్లి, గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

మర్నాడు అడవిపందుల ఇంట్లో గొడవైంది. అలవాటు ప్రకారం కబురు అయ్యగారింటికి వచ్చింది. "అబ్నేరు గారి దగ్గరికి వెళ్లండి," అని తబితమ్మగారు కళ్లు తెరవకుండానే చెప్పింది.

అబ్నేరు సంఘంలో పేరుమోసిన ప్రార్థనాపరుడు. పందుల ఇంటికెళ్లి, కళ్లు మూసుకుని, ఆదాము దగ్గర మొదలుపెట్టాడు. నోవహు దాకా వచ్చేసరికి ఆడపంది కుండ విసిరింది. కళ్లు మూసుకుని ఉన్నాడు కాబట్టి తప్పుకోలేకపోయాడు.

"ఈ ఉపన్యాసాలు తర్వాత, అన్నా! ముందు వీడు రాత్రి ఎక్కడ పడున్నాడో అడుగు!" అంది ఆడపంది.

రెండోసారి వెళ్లినప్పుడు అబ్నేరు కళ్లు తెరుచుకునే కూర్చున్నాడు. నోరు మూసుకుని విన్నాడు కూడా. అది ఆయనకి కొత్త. మగపంది ఆ పూట పులిసిన పళ్లు ముట్టుకోలేదు.

యూనీకే ముసలి ముళ్లపందిని పరామర్శించడానికి వెళ్లింది. ఎత్తుకున్న పాట పూర్తి కాకముందే ముసల్ది, "పాట బాగుందే అమ్మా, కాసిని నీళ్లు తెచ్చిపెట్టు," అంది. అయ్యగారు ఇన్నాళ్లూ ఆ నీళ్లు మోసి మోసి పరిచర్య చేశారని యూనీకేకి అప్పుడే తెలిసింది. తనొక్కతే ఎన్నిసార్లు తిరగగలదు? పక్క చెట్టు మీది కాకులన్నిటినీ కేకేసింది.

నెల తిరిగింది. పెద్దల కళ్లు గుంటలు పడ్డాయి. మత్తు నక్కలు మాత్రం ఇప్పుడు తిన్నగా కొండముచ్చు చెట్టు కిందికే వచ్చి పడుకుంటున్నాయి.

ఒక ఉదయం అయ్యగారు లేచి గొంతు సవరించుకున్నారు. ఓండ్ర పలికింది! గుమ్మంలో తబితమ్మగారు ముక్కు చీదింది. ఏడ్చిందని ఎవరూ అనలేదు, అనేంత ధైర్యం ఎవరికీ లేదు.

ఆ ఓండ్ర విని పెద్దలిద్దరూ పరుగెత్తుకొచ్చారు. "స్తోత్రం! ఇక మీ పని మీరు చూసుకోండి అయ్యగారూ!" అన్నాడు అబ్నేరు, ఒగరుస్తూ.

"ఆదివారం వాక్యం నేను చెప్తాను," అన్నారు అయ్యగారు మెల్లగా. "పందుల ఇల్లు మీదే అబ్నేరు గారూ. నిన్న ఆడపంది ఇటొస్తే, మీ ఇంటికి రానా అని సైగ చేశాను. ‘మీరొద్దులెండి, మాకు కొండముచ్చన్నే కావాలి’ అంది." చెప్తుంటే ఆయన చెవి ఒకటి కాస్త వాలింది. వాలినా మాట మార్చుకోలేదు.

"కొండముచ్చన్నే కావాలందా?" అన్నాడు అబ్నేరు. మీసాలు సవరించుకున్నాడు. "సరే, ముగింపు ప్రార్థన చేసి బయల్దేరతాను."

గుమ్మంలో కూలబడి కళ్లు మూసుకున్నాడు. ఆదాము పేరు సగంలో ఉండగానే గురక మొదలైంది. అయ్యగారు ఆయన మీద చాప కప్పారు. పందుల ఇంటికి యూనీకే ఎగిరి వెళ్లింది.

నీతి: కాపరికి విశ్రాంతి దొరకాలంటే ముందు పెద్దలు అలిసిపోవాలి.