లిల్లీ టీచరు ఐదు మాటలు

సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి లిల్లీ టీచరు మాటల్లో ఒకటి పోయింది. ఆమె పోయి అప్పటికి ఏడు నెలలు.

మైపాడు బడిలో పిల్లలందరూ వసారాలో ప్రార్థనకు నిలబడి ఉన్నారు. ఖాళీ తరగతిలో బల్బు ఒక్కసారి ఎర్రబడి తేరుకుంది. గోడమీది గంటపెట్టె, ఎవరూ నొక్కకుండానే, ఆమె గొంతుతో "అల్లరి చేయొద్దు" అంది. అక్కడ అల్లరి చేసేవాళ్లెవరూ లేరు. సముద్రపు గాలికి కిటికీ రెక్క మాత్రం కొట్టుకుంటోంది. హెబ్రోను మాస్టారు లోపలికి వెళ్లి, కిటికీ మూసి, నాలుగో బొత్తాం నొక్కి చూశాడు. పెట్టె పలకలేదు. భార్య గొంతులో ఇక మిగిలినవి నాలుగు మాటలు.

ఆ పెట్టె లిల్లీ తమ్ముడు జడ్సన్ చేసి ఇచ్చింది. సూళ్లూరుపేటలో అలాంటివి తయారుచేసే చిన్న దుకాణంలో అతని పని. గంటకు బదులు టీచరు గొంతే పిల్లల్ని పిలవాలని ఐదు మాటలు చిప్పులోకి ఎక్కించాడు. పిల్లలూ, లోపలికి రండి. అందరూ వచ్చినారా? కూర్చోండి. అల్లరి చేయొద్దు. జాగ్రత్తగా ఇంటికి పోండి. ఎక్కించి తాళం వేశాడు. తాళానికి కాపలా కూడా పెట్టాడు. "ఐదు మాటలకి ఇంత కాపలా ఎందుకురా? ఎవురెత్తకపోతారు?" అని లిల్లీ అప్పట్లో నవ్వింది.

హెబ్రోను ఫోను చేసి జడ్సన్‌కు సంగతి చెప్పాడు.

"తప్పు నాదే బావా. దొంగలు కరెంటుకి చిన్న కుదుపిచ్చి చిప్పుని తికమక పెడతారు. ఆ తికమకలో అది తాళం సంగతే మర్చిపోతాది. దాన్ని గ్లిచ్ ఎటాక్ అంటారు. అందుకని, కుదుపు తగిలితే ఏదో ఒక మాట బయటికి చెప్పి, దాన్ని చెరిపెయ్యమని పెట్టినా. మనకి తెలియాల, దొంగకి చిక్కకూడదు."

"ఇక్కడ దొంగెవుర్రా?"

"బడి వెనక ఐసు ఫ్యాక్టరీలో కొత్త మోటారేమన్నా పెట్టినారా?"

పెట్టారు. ఆ ఉదయమే తొలిసారి తిప్పారు.

"కాపలాకి దొంగా మోటారూ ఒకటే బావా. ప్లగ్గు పీకినా దొంగే అనుకుంటాది. నువ్వు దేన్నీ ముట్టుకోవద్దు, బొత్తాలు నొక్కొద్దు. శనివారం బ్యాటరీ తెచ్చి తగిలించి, తాళం తీసి, ఉన్న మాటలన్నీ కాపీ చేసిస్తా."

ఫ్యాక్టరీ ఓబయ్య కాదనలేదు. "మీ కోసం శనివారం పదకొండు దాకా పెద్ద మోటారు ముట్టను మాస్టారా. పాత చిన్నదాంతోనే నెట్టుకొస్తా" అన్నాడు. వారమంతా పిల్లలకు చేతిగంటే కొట్టారు.

శనివారం బడికి సెలవు. రాత్రంతా నిద్రపట్టని హెబ్రోను ఎనిమిదింటికే తరగతిలోకి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, చివరి బెంచీమీద కూర్చున్నాడు. బడిలో ఏ ప్లగ్గూ కదిలించడం ఇష్టంలేక తన ఫోనును ఛార్జింగుకు పక్కింటి మగ్దలీనమ్మకు ఇచ్చి వచ్చాడు. ఆ రోజు అతను చేసిన తప్పు అదొక్కటే.

తొమ్మిదింటికి మగ్దలీనమ్మ దగ్గరున్న ఆ ఫోను మోగింది. జడ్సన్ నెల్లూరులో బస్సెక్కి, హారన్ల మధ్య అరుస్తున్నాడు.

"అక్కా, బావకి చెప్పు! ఎటాక్ వస్తే మెమరీ మొత్తం పోతాది! కరెంటు కదలకుండా చూడమను! నేను వస్తా ఉండా!"

హారన్లు మింగినవి పోగా మగ్దలీనమ్మ చెవిలో పడినవి నాలుగు ముక్కలు. బావకి. ఎటాక్. మెమరీ మొత్తం పోతాది. కదలకుండా చూడు. ఆమె ఫోను కట్ చేయకుండానే బొడ్లో దోపుకుని పరుగెత్తింది.

"ఓబయా! మాస్టారికి ఎటాక్! లిల్లీ దగ్గిరికే పోతా ఉండాడు!"

ఓబయ్య బడి కిటికీ సందులోంచి చూశాడు. బల్బు మసక వెలుతురులో హెబ్రోను బల్లమీద తల ఆనించి ఉన్నాడు. కదలిక లేదు. ఓబయ్య తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"అయిపోయినాడమ్మా. ఎండ చూస్తే ఇట్టా ఉంది. చిన్న మోటారుతో మాస్టారిని ఉంచేదానికి ఐసు చాలదు."

"పదకొండు దాకా పెద్దది ఆపమన్నాడంటివే?"

"ఆపమన్న మనిషే పోయినాడు. ఇంకెవురికోసం ఆపేది?"

బడి తలుపు దగ్గరికి ముప్పై మంది చేరారు. తలుపు తీసే ధైర్యం ఎవరికీ లేదు. అంతలో వెనక పెద్ద మోటారు గుర్రుమంది. సందులోంచి కనిపించే బల్బు ఎర్రబడింది.

"పిల్లలూ, లోపలికి రండి."

ఏడు నెలల క్రితం వాళ్లే మట్టి వేసి వచ్చిన మనిషి గొంతు అది. చిన్నప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు కొందరు చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. మిగిలినవాళ్లు వాళ్ల వెనకే వెళ్లారు.

మోటారు బెల్టు జారి ఆగింది. ఓబయ్య మళ్లీ స్టార్ట్ చేశాడు.

"అందరూ వచ్చినారా?"

"వచ్చినాం టీచరమ్మా" అంది మగ్దలీనమ్మ.

చివరి బెంచీలో శవం లేచి నిలబడింది. "మోటారు ఆపండి! మెమరీ పోతా ఉంది!"

"చూడండి, పాపం! మెమరీ పోతా ఉందని ఆయనే చెప్తా ఉండాడు. పట్టుకోండి, కదలనీయొద్దు!" అని అరిచింది మగ్దలీనమ్మ.

నలుగురు పట్టుకున్నారు. అతను పెట్టె వైపు చేతులు చాచి గింజుకున్నాడు. బెల్టు మళ్లీ జారింది, మోటారు మళ్లీ అందుకుంది, బల్బు మళ్లీ ఎర్రబడింది.

"కూర్చోండి."

ముప్పై మందీ కూర్చున్నారు. పట్టుకున్నవాళ్లతో పాటు హెబ్రోను కూడా కూర్చున్నాడు.

అప్పుడే ఓబయ్య గోనెసంచిలో ఐసు దిమ్మ భుజాన వేసుకుని వచ్చాడు.

"మాస్టారా! బతికుండారా?"

"ఉండాను. మోటారు?"

"బెల్టు తెగిపోయింది మాస్టారా." భుజంమీంచి నీళ్లు కారుతున్నాయి. "మరి ఇదేం చేసేది?"

ఎవరో బెంచీ జరిపి దిమ్మను దింపించారు.

పావుగంటకు జడ్సన్ వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా బ్యాటరీ తగిలించి, పెట్టె విప్పి చూశాడు.

"ఒక్కటే మిగిలింది బావా. ఐదోది, సాయంత్రం పిల్లల్ని పంపేది." తన ఫోను చూసుకుని మగ్దలీనమ్మ వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు ఫోను కట్ చెయ్యలేదు."

"యాడ చేసేది అబ్బయా, ఆ తొక్కిసలాటలో?"

జడ్సన్ ఫోను ప్రతి ఫోన్‌కాల్‌నూ తనంతట తనే రికార్డు చేసుకుంటుంది. అతను దాన్ని బల్లమీద పెట్టాడు. మోటారు గుర్రు, చెప్పులు విడిచిన చప్పుడు, వాటి మీదుగా లిల్లీ. లోపలికి రండి. అందరూ వచ్చినారా? వచ్చినాం టీచరమ్మా. కూర్చోండి. చనిపోయిన మనిషికి జవాబిచ్చిన తన గొంతు విని మగ్దలీనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాస్త తేరుకున్నాక అడిగింది.

"ఫోను పక్కన పెడితే అయిపోయే పనికి ఈ తాళాలూ బ్యాటరీలూ ఎందుకబ్బయా?"

జడ్సన్ తల దించుకున్నాడు. "తాళం చిప్పుకే వేసినాక్కా. గొంతుకి వెయ్యలేదు. నాకా ఆలోచనే రాలా." తర్వాత ఫోను పెట్టె ముందుకు జరిపాడు. "ఇంక భయం లేదు. ఐదోది కూడా పట్టేద్దాం. నొక్కు బావా."

హెబ్రోను ఐదో బొత్తాంమీద వేలు పెట్టాడు. ఆ మాట ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. అతను వేలు తీసేశాడు.

"సోమవారం చూద్దాంలే."

ఆ తర్వాత మూడు సోమవారాలు గడిచాయి. ఓబయ్య పెద్ద మోటారు రోజూ తిరుగుతోంది. బల్బు ఎర్రబడుతుంది, బ్యాటరీమీద ఉన్న పెట్టె పలకదు. సాయంత్రం నాలుగింటికి హెబ్రోను చేతిగంట కొట్టి పిల్లల్ని పంపేసి, పొద్దు గుంకేదాకా తరగతిలోనే ఉంటాడు. ఐదో మాట ఇంకా రికార్డు చేయలేదు.