దర్జీ జలప్రవేశం, బంగారుతీగ పరాభవం

పొద్దు బారెడెక్కి, నీటిమీది మంచుతెర చిరిగిన అస్తరులా తొలగిపోతుండగా, నీటికాకి ఒకటి రెక్కలారబెట్టుకుంటూ సాక్షిగా కూర్చున్న ఒకానొక ఆదివార శుభముహూర్తాన, ఊరి చివరి చెరువు తూర్పుగట్టున, మడతకుర్చీ సింహాసనాన్ని అధిష్ఠించి ఉన్నాడు సూచీధనుర్ధరుడు, కర్తరీఖడ్గపాణి, నలభై ఏళ్లు ఊరందరికీ చొక్కాలు కుట్టిన మన దర్జీ. పక్క కుర్చీలో అక్కమొగుడు, రిటైరైన బస్సు డ్రైవరు, షట్చక్రరథసారథి.

మూడేళ్లుగా దర్జీ మహావీరుడికి ఒక్క బంగారుతీగ చేపా దక్కలేదు. చిక్కక కాదు, మూడుసార్లు చిక్కి మూడుసార్లూ దారం తెంపుకుపోయింది. గాలపుకర్రకు దారం చుట్టిన రీలు అంచున చిన్న క్లిప్పుంటుంది. దారాన్ని అందులో ఇరికించి విసిరితే ఎర ప్రతిసారీ కొలిచిన చోటే పడుతుంది. పడ్డాక దారాన్ని క్లిప్పులోంచి విడిపించాలి. లేకుంటే చేప లాగినప్పుడు దారం సాగక పుటుక్కుమంటుంది. కానీ ఏనాడూ దారపుకొసను వదులుగా వదిలి ఎరగని ఆ చేతికి, విడిపించడమంటే కుట్టు ఊడదీసినంత పాపం!

రేపు బావ మకాం ఎత్తేస్తున్నాడు. అక్క ఉబ్బసానికి పొడిగాలి మంచిదని డాక్టరు చెప్పగా, రెండురోజుల ప్రయాణమంత దూరం. "పోయేలోగా నీ చేతిలో ఒక్క చేపను చూడాలిరా" అన్నదే ఆయన కోరిక.

దర్జీ లేచి గర్జించాడు. "ఓసీ బంగారుతీగా! పొలుసుకవచధారిణీ! ముమ్మారు నా దారము తెంపి పారితివి. నేడు మా బావ చూచుచుండగా నిన్ను గట్టెక్కింపకున్న, ఇది కత్తెర పట్టిన చేయియే కాదు!"

"అరవకురా, పక్క చెరువుకు పోతుంది" అన్నాడు బావ.

ఎర గాలిని చీల్చుకుంటూ పోయి, క్లిప్పు దగ్గర టక్కున ఆగి, రెల్లుపొద ముందు అంగుళం తేడా లేకుండా పడింది. దర్జీ వేలు క్లిప్పువైపు కదిలింది. సరిగ్గా అప్పుడే బావ గొంతు సవరించుకున్నాడు.

"వచ్చేవారం నుంచి రెండో కుర్చీ తేకు. మోత దండగ."

వేలు ఆగిపోయింది. దర్జీ కర్రను స్టాండుమీద పెట్టి, కంట్లో నలుసు పడిందని మొహం తిప్పుకున్నాడు. దారం క్లిప్పులోనే ఉండిపోయింది.

కీచ్! చేప లాగితే మోగే స్టాండు అలారం అరిచింది. దారానికి వేలాడే ఎర్రబిళ్ల ఎగిరి కర్రకు కొట్టుకుంది. కర్ర విల్లైంది.

"క్లిప్పురా!"

"తీశానుగా బావా!"

"ఏం తీశావు, నా తలకాయ! చూడు!"

బిగిసిన దారం క్లిప్పును వదలదు. వదులైతేనే వస్తుంది. చేప వెనక్కి రాదు. కనుక చేపవైపు తనే వెళ్లాలి! అంతట ఆ ధీరోదాత్తుడు, కర్రను రెండుచేతులా బిగించి, పాదరక్షలు విడువక, ఇస్త్రీమడత చెదరని పంట్లామును తృణప్రాయంగా ఎంచి, బురద జారినా బెదరక, నాచు చుట్టినా నిలవక, కప్పలు కకావికలై పరుగులిడ చెరువులోకి దూసుకుపోయాడు.

"లోతురోయ్!"

"మోకాళ్లదాకానే బావా!"

"నీ మోకాళ్లెంత ఎత్తనీ, పొట్టోడా!"

దారం వెంట్రుకవాసి వదులైంది. గోరు దూరింది. క్లిప్పు విడిచింది. రీలు గిర్రున పాడింది.

"పోనీ! పోనీ! బ్రేకు వెయ్యకు!" చెప్పులు వదిలేసి బావ కూడా నీళ్లలోకి దిగాడు.

పావుగంట ఘోరసంగ్రామం తర్వాత శత్రువు వలబుట్టలోకి వచ్చింది. దర్జీ జేబులోంచి టేపు తీశాడు.

"పదకొండున్నర అంగుళాలు."

"పన్నెండనరా, మీ అక్కకు చెప్పుకోవాలి."

"కొలతలో అబద్ధమాడను బావా."

"పోనీ తోక కాస్త లాగు!"

చేప బావ అరచేతుల్లోంచి జారి నీళ్లలోకి దూకింది. ఇద్దరూ నవ్వారు, పంట్లాములు పిండుకున్నారు, మళ్లీ నవ్వారు.

దిక్పాలకులారా, వినండి! ఆ ఆదివారం తొమ్మిదింబావుకు, పదకొండున్నర అంగుళాల మహామత్స్యంపై జరిగిన సమరంలో, బావ కళ్లముందే, దారం తెగలేదు!